ఆసుపత్రి సందు కొలత

నేను ఒక టేపుని. దర్జీల మెడలో వేలాడే అరవై అంగుళాల పసుపుపచ్చ టేపుని. ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో వేలమంది తోబుట్టువులతో పాటు పుట్టాను. అందరి ఒంటి మీదా ఒకే యంత్రం ఒకే అంకెలు అచ్చువేసింది. మాకు అబద్ధం చెప్పడం రాదు. అందులో మా గొప్పేమీ లేదు, మా తయారీ అంతే.

నా మొదటి యజమాని మౌలాలి మాస్టరు. పాతమార్కెట్టు ఎదుట ఆయనకు చిన్న కుట్టుషాపు ఉండేది. మనుషులు నాకు తెలిసింది అక్కడే. నేను నడుము చుట్టూ తిరిగితే చాలు, ఎంతటివాళ్ళైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. మాస్టరు నవ్వు దాచుకొని ఇంకో రెండంగుళాలు కలిపి రాసుకొనేవాడు. చూపు మందగించాక, తన దగ్గర పని నేర్చుకున్న కాశింబీకి మిషనుతో పాటు నన్నూ అప్పగించి ఊరు విడిచి వెళ్ళాడు.

కాశింబీకి నలభై దాటాయి. మాట తక్కువ. ఆమె షాపు అరుగు మీద నాంచారమ్మ పూలు కట్టి అమ్మేది. షాపుకీ మార్కెట్టుకీ నడుమ ఒక సందు ప్రసూతి ఆసుపత్రికి పోతుంది. ఊళ్ళో సగంమంది ఆ సందు చివరే పుట్టారు.

ఒకరోజు పురపాలక సంఘం వాళ్ళు మార్కెట్టు గోడకు పెద్ద బొమ్మ అంటించారు. రేకుల షెడ్లు తీసేసి నాలుగంతస్తుల కాంప్లెక్సు కడతారట. బొమ్మలో అద్దాల మేడ, విశాలమైన మెట్లు, మెట్ల మీద మా ఊళ్ళో ఎవరూ ఎరగని సన్నటి మనుషులు. కాశింబీకి పట్టరాని సంతోషం. కింది అంతస్తులో షాపులు ఇచ్చేవాళ్ళ జాబితాలో ఆమె పేరు కూడా ఉంది.

నాంచారమ్మ మాత్రం ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేదు.

"కాశింబీ, ఈ మెట్లు ఎక్కడికొస్తాయే?"

కాశింబీ వచ్చి చూసింది. మెట్లు ఆసుపత్రి సందులోకి ఐదడుగులు చొచ్చుకొచ్చాయి. సందు వెడల్పు ఇరవై అడుగులని పక్కనే రాసి ఉంది.

"ఇరవయ్యా?" అంది నాంచారమ్మ. "మొన్న వానాకాలం మా పిల్లని నొప్పులతో తీసుకొస్తే, కూరగాయల లారీ అడ్డమై ఆటో కదల్లేదు. కుర్చీలో కూచోబెట్టి మోసుకుపోయాం. ఇరవై అడుగులుంటే మాకా ఖర్మ ఎందుకు పడుద్ది?"

మర్నాడు పొద్దున్నే కాశింబీ నన్ను మెడలోంచి తీసి సందులో పరిచింది. అన్నేళ్ళూ మనుషుల ఒంటి మీదే తిరిగినదాన్ని, నేల మీద పడుకోవడం అదే మొదలు. ఒక కొస నాంచారమ్మ కాలితో తొక్కిపట్టింది, రెండో కొస దగ్గర కాశింబీ సుద్దతో గీత గీసింది. రెండు నిండు టేపులు, పైన మూడడుగులు. మెట్లు వచ్చే మూల దగ్గర సందు పదమూడడుగులే. తర్వాత ఆసుపత్రి ముందు ఆగి ఉన్న అంబులెన్సుకి కూడా కొలత తీసింది.

"దీనికి చొక్కా కుడతావా అక్కా?" అని డ్రైవరు నవ్వాడు.

"దారి కుట్టాలి తమ్ముడూ."

అద్దాలతో కలిపి బండి ఏడడుగులు ఉంది.

"నోరెత్తితే నీ షాపు ఎగిరిపోద్దేమోనే," అంది నాంచారమ్మ ఆ సాయంత్రం. కాశింబీ రెండు రోజులు మిషను తొక్కలేదు. నన్ను వేళ్ళకు చుట్టుకోవడం, విప్పడం, మళ్ళీ చుట్టుకోవడం. పదిహేనేళ్ళ నుంచి ఆమె అద్దె షాపులోనే ఉందని నాకు తెలుసు.

అభ్యంతరాలు వినడానికి పెట్టిన సభకు చివరికి వెళ్ళింది. ఆమె గుప్పిట్లో ఉన్నాను కనుక చెబుతున్నాను, నన్ను నలిగిపోయేలా బిగించి పట్టుకుంది. చైర్‌పర్సన్ విమలాదేవి ముందు నిలబడి, అర్జీ ఇచ్చి, సందు పదమూడడుగులే ఉందని చెప్పింది.

"మేం సర్వే చేసే వేశామమ్మా," అన్నాడు ఇంజనీరు. "బట్టలు కొలిచే టేపుతో రోడ్లు కొలుస్తారా?"

హాలంతా నవ్వింది. నాకు సిగ్గేసింది. కాశింబీ గుప్పిట మాత్రం ఎందుకో ఆ నవ్వుతో కాస్త వదులైంది.

"అంగుళం ఎక్కడైనా అంగుళమే గదండీ. జాకెట్టుకే ఒంటి మీద రెండంగుళాలు వదులుంచి కుడతాం. పదమూడులో మెట్లకి ఐదు పోతే ఎనిమిది. బండే ఏడు. పక్కన ఒక్క స్కూటర్ నిలబెట్టారంటే లోపలున్న మనిషి గతేంటండీ?"

విమలాదేవి లేచి, "టేపు తీసుకురండి, అందరం వెళ్ళి చూద్దాం," అంది.

సభ మొత్తం ఎండలో సందులోకి నడిచింది. ఇంజనీరు తన స్టీలు టేపుతో ఒకసారి కొలిచాడు, నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. పదమూడడుగులకు అరంగుళం తక్కువ. అది ఆఫీసు టేపు గనుక ఆ అరంగుళం గురించి నేను వాదించలేదు.

"పాత మ్యాపులో అంకె మేడమ్," అన్నాడు కళ్ళజోడు తుడుచుకుంటూ. "కొలవకుండానే ఎక్కించాం. తప్పు మాదే." ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నడుము కొలత ఒప్పుకోవడానికే మనుషులు ఎంత ఇబ్బంది పడతారో నేనెరుగుదును.

కొత్త బొమ్మ వేశారు. మెట్లు మార్కెట్టు వైపు తిరిగాయి, మేడ ఏడడుగులు వెనక్కి జరిగింది. అందువల్ల కింది అంతస్తులో ఆరు షాపులు తగ్గాయి. ఆ ఆరింటిలో కాశింబీది ఒకటి. విమలాదేవి ఆ సంగతి తనే షాపుకి వెళ్ళి చెప్పిందని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను.

"బొమ్మలో చూశానండీ," అందట కాశింబీ. తర్వాత మళ్ళీ కత్తెర అందుకుందట. "కుట్టుకోడానికి ఈ షాపుంది గదండీ."

నేను మాత్రం ఆ షాపుకి తిరిగి వెళ్ళలేదు. ఆ రోజు అందరూ సందులోంచి తిరిగొచ్చాక కాశింబీ నన్ను హాల్లో బల్ల మీదే మరిచిపోయింది. కాశింబీ ఇచ్చినవన్నీ ఫైల్లో పెట్టమని చైర్‌పర్సన్ అంటే, నియమం తప్పని గుమాస్తా ఒకాయన అర్జీతో పాటు నన్నూ కవర్లో పెట్టి, 'జతపరచినవి: టేపు ఒకటి' అని రాశాడు. ఇప్పుడు రికార్డుల గదిలో బీరువా రెండో అరలో ఉంటున్నాను. ఎవరి నడుమూ నన్ను చూసి బిగుసుకోదు. హాయిగానే ఉంది.

కాశింబీ ఒకసారి నాకోసం వచ్చింది. "సాక్ష్యం కింద రాసేశామమ్మా, ఇవ్వడానికి కుదరదు," అన్నాడు గుమాస్తా పాపం, నొచ్చుకుంటూ.

ఆమె కవర్లోంచి నన్ను ఒకసారి తీసి చూసుకొని, చక్కగా చుట్టి, తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఉండనివ్వండి బాబూ," అంది. "మళ్ళీ మీకే అవసరం పడుద్ది."