మొహం మీది మసక

లైవ్ ఇంకా మొదలుకాలేదు. బస్సు డ్రైవర్ మా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక, హాలు మధ్యలో, ఆయన కొడుకు శవం ఉంచిన గాజుపెట్టె ఉంది.

"లైవ్ ఎలా వచ్చినా పరవాలేదమ్మా. రికార్డింగ్ మాత్రం బాగా రావాలి. వాళ్లమ్మకి ఇంకా తెలివి రాలేదు. లేచాక వాడి మొహం చూపించాలి."

ప్రమాదమప్పుడు బైక్ నడిపింది కొడుకు, వెనక కూర్చుంది తల్లి. కుర్రాడికి దెబ్బంతా లోపలే తగిలింది. మొహం మీద గీత కూడా లేదు. ఎవరూ ఫోన్లలో ఫొటోలు తీయొద్దని డ్రైవరే అందరికీ చెప్పాడు, వీడియో ఉందిగా అని.

ఇలాంటి చోట్ల, పెళ్లిళ్లలో, రాలేనివాళ్ల కోసం నెట్‌లో లైవ్ ఇవ్వడం మా పని. కెమెరా నాది, ల్యాప్‌టాప్ మా బావది.

"విన్నావుగా బావా," అన్నాను.

"విన్నాలేవే. నీకు మాట రావాలన్నా బఫరింగే కదా, నువ్వే నోరు తెరిచావంటే పెద్ద సంగతే," అన్నాడు గొంతు తగ్గించి.

ఇరుకు హాలు. కెమెరా నిలబెట్టడానికి పక్కగోడ దగ్గర తప్ప చోటు లేదు. జనం వరసగా వచ్చి, పెట్టె ముందు ఒక్క క్షణం ఆగి, కెమెరాకు అడ్డంగా వెళ్లిపోతున్నారు.

లైవ్ మొదలైన కాసేపటికి డ్రైవర్ తమ్ముడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే వచ్చాడు. "ఏం బాబూ, మా వదినవాళ్ల వైపు జనమంతా నన్ను వాయించేస్తున్నారు. బొమ్మ ఆగిపోయి చక్రం గిర్రున తిరుగుతూనే ఉందట. ఇదేనా మీ లైవ్?"

హాల్లో నెట్ అంతంత మాత్రమే. బావ, వీడియోను కుదించి పంపే ఎన్‌కోడర్‌లో బిట్‌రేట్ బాగా దించేశాడు. అంటే, బొమ్మకు ఖర్చు పెట్టే డేటాను తగ్గించేశాడు. లైవ్ ఆగకుండా సాగింది. తమ్ముడు శాంతించాడు.

"మరి రికార్డింగ్?" అని బావని అడిగాను.

"దాని దారి దానిదే. కంగారుపడకు."

దాని దారి దానిది కాదు. మా పాత ల్యాప్‌టాప్ రెండు ఎన్‌కోడింగులు మోయలేక వేడెక్కిపోతోందని, కిందటి పెళ్లిలో బావే రికార్డింగ్‌ను లైవ్‌తో కలిపేశాడు. లైవ్‌కు ఏది పోతే డిస్కులోనూ అదే పడుతుంది. ఆ సంగతి మరిచిపోయాడు. నాకు చెప్పనే లేదు. కెమెరాలో కార్డు పెట్టే చోటు ఎప్పుడో పాడైంది.

దహనం అయిపోయాక ఫైల్ తెరిచి చూశాం. ఉన్న కాస్త డేటా కదిలేవాళ్లకే సరిపోలేదు. మనిషి అడ్డం వెళ్లినప్పుడల్లా కుర్రాడి మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. అది కుదురుకునేలోపే ఇంకో మనిషి. బావ తల పట్టుకుని కూర్చున్నాడు.

తల్లికి తెలివొచ్చింది. డ్రైవర్ మమ్మల్ని ఆస్పత్రికి రమ్మన్నాడు. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పాం. "ఉన్నదే చూపించండి, అడుగుతూనే ఉంది," అన్నాడు.

ఆమె మెడకు పట్టీ ఉంది. ల్యాప్‌టాప్ ఆమె ఒడిలో పెట్టాను. రెప్ప వేయకుండా చూసింది.

"మొహానికి మసకేశారా?"

"లేదే. వాడి మొహానికేం కాలేదు," అన్నాడు డ్రైవర్.

"ఏం కాకపోతే ఎందుకేశారు? టీవీలో వేస్తారే, జనం చూడలేరని. అలాగే వేశారు."

బావ ముందుకొచ్చాడు. "అమ్మా, తప్పు నాది. నెట్ సరిగా లేక బిట్‌రేట్ తగ్గించాను. కదిలేచోట బొమ్మ అలా చెదిరిపోతుంది."

ఆమె ఓపిగ్గా విన్నది. తర్వాత వేలు తెర మీద పెట్టింది.

"గోడ గడియారం కనిపిస్తోంది బాబూ. అంకెలు కూడా తెలుస్తున్నాయి. కుర్చీలు కనిపిస్తున్నాయి. కదలకుండా పడుకున్న నా కొడుకు మొహమే చెదిరిందా?"

గడియారానికి ఎవరూ అడ్డం వెళ్లలేదని చెప్పబోయాను. అంత నిజమూ నాకే కట్టుకథలా వినిపించి, ఊరుకున్నాను.

"ఒట్టే, నిద్రపోతున్నట్టే ఉన్నాడు," అన్నాడు డ్రైవర్. "కావాలంటే డాక్టర్‌ని అడుగు."

"నువ్వు చెప్పమన్నట్టే చెప్తాడు ఆయన." ఆమె గొంతు పెంచలేదు. "ఇంకెవరికి అర్థం కాకపోయినా నాకు అర్థమవుతుంది, వెనక కూర్చున్నదాన్ని. చాలా నొప్పి పడ్డాడా?"

డ్రైవర్ లేదన్నాడు. మళ్లీ అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. గళ్ల మీద వేలితో మెల్లగా రాస్తోంది, తుడిస్తే పోతాయేమో అన్నట్టు.