అర అంగుళం తక్కువ

కటింగమ్మ చేతిలో కత్తెర ఉంటే గుడ్డ చెప్పిన మాట వింటుందని ఆ టైలరింగ్ షాపులో అందరూ అనేవాళ్ళు. పదకొండేళ్ళు అన్నారు. ఆ తరవాత నాలుగు నెలల్లో, అవే నోళ్ళతో, "పాపం, ఆవిడకి చెయ్యి పోయింది" అన్నారు. నోళ్ళకేం, ఎటైనా తిరుగుతాయి.

జరిగిందేమిటంటే, చొక్కాలు బిగుతుగా వస్తున్నాయి. ఒకటీ అరా అయితే గుడ్డ ముడుచుకుందని సరిపెట్టుకోవచ్చు. వరసగా ఆరు వచ్చాయి. గుండీలు పెట్టుకోబోతే ఛాతీ దగ్గర రెండంగుళాలు తక్కువ. బయట కౌంటరు దగ్గర ఓనరు తన టేపుతో కొలతలు తీసి చీటీ రాస్తాడు. లోపల కటింగమ్మ ఆ చీటీ చూసి, తన టేపుతో గుడ్డమీద గీతలు గీసి కత్తిరిస్తుంది. చీటీలో కొలత సరిగ్గానే ఉంది. చొక్కాలోనే లేదు. మరి తప్పెవరిదంటారు?

టేపు చూసుకోలేదా అని అడుగుతారేమో. అక్కడే ఉంది తిరకాసంతా. ఈ పనిలో ఉన్న ఎవరినైనా అడగండి, ఒకటే చెప్తారు. టేపు పాతబడితే సాగుతుంది. సాగిన టేపుతో కోస్తే బట్ట వదులవుతుంది. బిగుతుగా వచ్చిందంటే తప్పు టేపుది కాదు, మనిషిది. పైగా కటింగు చేసేవాళ్ళ టేపు ఇంకొకరు ముట్టరు, ఇంకొకరిది వాళ్ళు ముట్టరు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే రాదు. అందుకని కటింగమ్మ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడాయన. అది విని ఆవిడ సంతోషించలేదు, హడలిపోయింది. కళ్ళు కాకపోతే ఇంక మిగిలింది బుర్రేగా!

బుర్ర మాటెత్తితే ఆవిడ గుండెల్లో రాయి పడుతుంది. రెండేళ్ళ కిందట భర్త పోయినప్పుడు మూడు నెలలు మంచం దిగలేదు. ఐదేళ్ళ కూతురు పక్కన కూర్చుని "అమ్మా, అన్నం" అంటే గోడకేసి చూస్తూ పడుకుంది. అత్తగారొచ్చి పిల్లని తన ఊరు తీసుకుపోయింది. "నీ మనసు కుదుటపడి, ఓ స్థిరమైన ఉద్యోగం, ఓ గది చూసుకున్ననాడు నీ పిల్లని నీకు పంపిస్తానమ్మా" అంది. చెడ్డమనిషేం కాదు. చెయ్యాల్సిందే చేసింది.

ఇప్పుడు రాకరాక ఒక అవకాశం వచ్చింది. బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, ఆసుపత్రి కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో కటింగు పని. పర్మినెంటు. ఉండటానికి గది కూడా వాళ్ళే ఇస్తారు. శుక్రవారం పరీక్ష: రెండు కోట్లు కత్తిరించి చూపించాలి. నెగ్గితే పాప వస్తుంది. ఓడితే మరో ఏడాది అక్కడే బడికి వెళ్తుంది, అమ్మ మొహం ఇంకాస్త మర్చిపోతుంది. అలాంటప్పుడు ఈ చేతులు ఇలా ద్రోహం చేస్తే ఏం కావాలి ఆ తల్లి?

ఇక్కడ కాజాలక్క గురించి చెప్పాలి. అదే షాపులో కాజాలు కుట్టడం, గుండీలు పెట్టడం, పట్టకారుతో టిచ్ బటన్లు నొక్కడం ఆవిడ పని. భర్త పోయిన కొత్తలో కటింగమ్మని మంచం మీద నుంచి లేవదీసింది ఆవిడే. తన గదికి తెచ్చుకుని, తలదువ్వి, ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. "చిట్టీ" అని పిలుస్తుంది. చిట్టి ఏ చీర కట్టాలో, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో అన్నీ ఆవిడే చూసుకుంటుంది. పక్క మిషను ఆవిడతో కటింగమ్మ రెండుసార్లు టీ తాగితే, ఆ రెండు సాయంత్రాలూ కాజాలక్కకి తలనొప్పి. ఆ మనిషి ఇంటికి భోజనానికి వెళ్తానంటే జ్వరం. ఉత్తుత్తి జ్వరం కూడా కాదు, థర్మామీటరు పెడితే కనపడేది! దాన్ని కటింగమ్మ ప్రేమనుకుంది. అరచేతిలో పెట్టుకుని చూసుకునే మనిషి మీద అనుమానం ఎవరికి వస్తుంది చెప్పండి?

చొక్కాలు పాడైనప్పుడల్లా కుట్లు విప్పి, లోపల మిగిలిన గుడ్డ వదిలి సరిచేసింది కూడా కాజాలక్కే. "ఓనరుకి చెప్పకులే చిట్టీ, నేనున్నాగా" అనేది. మళ్ళీ ఓనరుకి తనే చెప్పేది. ఇది తరవాత తెలిసింది.

ఇంకో సంగతి. ఎనిమిది నెలలుగా కటింగమ్మ పాపని చూడలేదు. "మీ అత్తగారు ఫోను చేసిందే. నువ్వు వెళ్ళొచ్చినప్పుడల్లా పిల్ల నాలుగు రోజులు బెంగతో అన్నం ముట్టట్లేదట. ఫోనులో నీ గొంతు విన్నా ఏడుస్తోందట. కొన్నాళ్ళు ఓర్చుకో తల్లీ" అని కాజాలక్క చెప్పింది. పిల్ల బాగుంటే చాలనుకుని ఓర్చుకుంది. ఆదివారాలు కాజాలక్క దారాలు కొనడానికి పెద్ద బజారుకి వెళ్తే, ఈవిడ ఒక్కతే గదిలో కూర్చుని పాప ఫోటో చూసుకునేది.

శుక్రవారం పొద్దున కాజాలక్కే బస్సెక్కించింది. "ఓడిపోయినా ఏం కాదే. నేనున్నాగా" అని కిటికీలోంచి చెయ్యి నొక్కింది. పరీక్షకి వెళ్ళేవాళ్ళతో అనే మాటేనా అది?

ఫ్యాక్టరీలో కటింగు బల్ల మంచం కంటే పెద్దది. దాని అంచు పొడవునా ఇత్తడి పట్టీ, పట్టీ మీద అంగుళాల గీతలు. షాపులో అలాంటిదేం లేదు. కటింగమ్మ గుడ్డ పరిచింది. ఎడమ బొటనవేలితో టేపు కొస నొక్కిపట్టి, పట్టీ పక్కనుంచే లాగింది. టేపు మీద ముప్పై ఆరు వచ్చిన చోట పట్టీ మీద ముప్పై అయిదున్నర ఉంది.

ముందు బల్లే తప్పనుకుంది. "ఒక్కసారి మీ టేపిస్తారా అమ్మా?" అని అక్కడి సూపర్‌వైజరమ్మని అడిగింది. ఆ అడగడం ఎంత సిగ్గో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ టేపు బల్లతో సరిపోయింది. కటింగమ్మ తన టేపు కొస తిప్పి చూసింది. పదకొండేళ్ళుగా బొటనవేలి కింద ఉండే ఆ చోటుని ఎప్పుడూ చూడలేదు. టేపు కొసకి ఉండే రేకు బిళ్ళ కొత్తది, తళతళలాడుతోంది. బిళ్ళ అయిపోగానే ఒకటో అంకె. మధ్యలో ఉండాల్సిన అర అంగుళం లేదు. ఎవరో నీటుగా కత్తిరించి, బిళ్ళ మళ్ళీ నొక్కారు. చొక్కాకి చుట్టూ నాలుగు కొలతలు. ఒక్కోదాంట్లో అర అంగుళం, మొత్తం రెండంగుళాలు.

షాపులో రేకు నొక్కే పట్టకారు ఉన్నది ఒక్కరి దగ్గరే. టిచ్ బటన్లు ఆవిడ పనేగా.

ఆ నిమిషంలో ఆవిడకి ఏడుపు రాలేదు. నాకు పిచ్చి లేదు, నా చేతులు మంచివే అనుకుని నవ్వొచ్చింది. తన టేపు పక్కన పడేసి, సూపర్‌వైజరమ్మ టేపుతోనే గీతలు గీసింది. కత్తెర తీసుకుంది. రెండు కోట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. "సోమవారం నుంచి రండి. పాప ఉందన్నారుగా, తీసుకొచ్చెయ్యండి" అంది సూపర్‌వైజరమ్మ.

ఆఫీసు ఫోను అడిగి అత్తగారికి చేసింది. "అత్తయ్యా, ఉద్యోగం వచ్చింది. ఇవాళే వస్తున్నాను, పాపని..."

"వచ్చిందా? మంచిదమ్మా. అయినా నువ్వు రావడం దేనికి? ఇందాకే మీ అక్క వచ్చి తీసుకెళ్ళిందిగా, నువ్వే పంపావని."

"ఏ అక్క?"

"అదేమిటే! ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం వస్తోంది కదా. నీకు ఒంట్లో బాగుండటం లేదని, చేతులు కూడా స్వాధీనంలో ఉండటం లేదని ఆవిడే చెప్పేది. పిల్లకి ఆవిడంటే ప్రాణం. నువ్వే ఒక్కసారీ ఫోనన్నా చెయ్యలేదు."

తిరుగు బస్సు రెండు గంటలు నడిచింది. ఆ రెండు గంటలూ ఆవిడ ఎలా బతికిందో నేను చెప్పలేను.

ఇద్దరూ అద్దెకుండే మేడమీద గది తలుపు తీసే ఉంది. పాప మంచం మీద కూర్చుని బొమ్మలకి రంగులేస్తోంది. ఎంత పొడుగైపోయింది! కాజాలక్క పక్కనే కూర్చుని తలకి రిబ్బను కడుతోంది.

"వచ్చావా? మొహం చూస్తే నెగ్గినట్టున్నావే. నెగ్గవనుకున్నా" అంది, రిబ్బను వదలకుండానే.

"నా టేపెందుకు కోశావక్కా?"

"అర అంగుళమేగా. నీ వేలేమైనా కోశానా?" కాజాలక్క గొంతులో కోపం లేదు. "నువ్వు ఏడుస్తూ వస్తావనుకున్నా చిట్టీ. వస్తే పాపని నీ ఒళ్ళో పెడదామనుకున్నా. ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేకుండా ముగ్గురం ఇక్కడే ఉండిపోదామని. నన్నొదిలి ఎట్లా వెళ్తావే? నేనేమైపోవాలి?"

నిజంగానే ఏడ్చింది. అదే భయంకరం. ఆ కన్నీళ్ళలో నటన లేదు.

కటింగమ్మ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "రా తల్లీ, వెళ్దాం. మనకి కొత్త ఇల్లొచ్చింది."

పాప కాజాలక్క వెనక్కి జరిగింది. "పెద్దమ్మా, అమ్మకి తగ్గిందా? నన్ను కొట్టదుగా?"

ఈ చేతులు ఆ పిల్లని ఏనాడూ కొట్టి ఎరగవు. కటింగమ్మ ఆగలేకపోయింది, పాపని ఎత్తుకుని మెట్లకేసి పరుగెత్తింది. పాప గిలగిలా తన్నుకుంటూ "పెద్దమ్మా! పెద్దమ్మా!" అని కేకలు పెట్టింది. మెట్ల కింద, గది అద్దెకిచ్చిన ఇంటావిడ, ఆవిడ భర్త, పక్కవాటా వాళ్ళు ముగ్గురు వచ్చి అడ్డంగా నిలబడ్డారు.

"పిల్లని దించమ్మా" అన్నాడు ఇంటాయన, మెల్లిగా, పిచ్చివాళ్ళతో మాట్లాడే గొంతుతో.

"నా కూతురండీ ఇది! నేను కన్నాను!"

"అవునమ్మా, నీదే. ముందు దించు. పోలీసుల్ని పిలవమంటావా?"

పైనుంచి కాజాలక్క కళ్ళు తుడుచుకుంటూ దిగింది. "ఏమీ అనకండి దాన్ని. నేను చెప్పానుగా మీకు, దాని పరిస్థితి" అంది. అందరూ అవునవునని తలలూపారు. ఒక్కరి మొహంలోనూ కోపం లేదు, జాలి. కోపమైతే తిరగబడొచ్చు. జాలితో ఏం పోట్లాడతాం?

కటింగమ్మకి అప్పుడు అర్థమైంది. తను అరిచేకొద్దీ కాజాలక్క చెప్పిన మాటే నిజమవుతుంది. పోలీసులొస్తే పాప ఎవరిని అడుగుతుంది? పెద్దమ్మనే. అత్తగారు ఎవరి మాట నమ్ముతుంది? పెద్దమ్మ మాటే. పాప మళ్ళీ ఆ ఊరికే పోతుంది, ఈసారి ఇంక రాదు. ఈ గుమ్మం దాటాలంటే దారి ఒక్కటే ఉంది. అది తలుచుకోవడానికే మనసు రాలేదు. అయినా పాపని చేజార్చుకోవడం కంటే అదే నయం.

పాపని కిందికి దించింది.

"అక్కా, నువ్వూ రా. నువ్వు లేకుండా నేనెక్కడ ఉండగలను?"

కాజాలక్క మొహం వెలిగిపోయింది. గబగబా పైకెళ్ళి సంచి తెచ్చింది. ముగ్గురివీ బట్టలు ఎప్పుడో సర్ది ఉంచింది. "చూశారా, తగ్గిపోయింది" అని ఇంటావిడతో అంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని దారిచ్చారు.

వీధిలోకి రాగానే పాప కాజాలక్క చెయ్యి పట్టుకుంది. కటింగమ్మ తన చెయ్యి చాపింది. పాప ఆ చేతికేసి చూసింది, తరవాత తలెత్తి కాజాలక్క మొహంలోకి చూసింది.

"పట్టుకో బంగారం, ఏం కాదు" అంది కాజాలక్క.

పెద్దమ్మ చెప్పింది కాబట్టి పాప పట్టుకుంది.