మా పిల్లకి ఏటి తక్కువ?

ఏడేళ్ళ మేఘనకి ఆటిజం ఉందని సర్టిఫికెట్ ఇస్తేనే పింఛను. కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన తేదీ ఇది. డాక్టరు ముందు నోరు మెదపొద్దని మేఘన తల్లి ఈశ్వరి భీమిలి బస్సెక్కినప్పటి నుంచీ అత్త నూకాలుకి చెబుతూనే ఉంది.

"బట్టలు తనే వేసుకుంటుందా?" డాక్టరు అడిగాడు.

"ఓ, ఏసుకుంటాది బాబూ!" అంది నూకాలు.

ఈశ్వరి గిల్లింది.

"పిలిస్తే పలుకుతుందా?"

"పలక్కేటి? మా పిల్లకి ఏటి తక్కువ?" బుట్టలో చేపల్ని పొగిడి అమ్మే గొంతు అది.

"అయితే సర్టిఫికెట్ ఎందుకమ్మా? ఏదీ, పిలవండి."

నూకాలు పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. మేఘన మాత్రం ఫ్యానుకేసి చూసి నవ్వుకుంటోంది.

నూకాలు కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాసుకో బాబూ. గానీ పెన్సిలుతో రాయి."