పేరు పెట్టి పిలిచిన చర్చి

కొమురయ్యను పేరు పెట్టి పిలవడానికి నేతగాళ్ల వాడ దాజీ పేట్‌లో ఒక్క మనిషి మిగల్లేదు. తల్లి పోయింది, అన్న పోయాడు. ఈడువాళ్లయిన నేతగాళ్లు దగ్గి దగ్గి పోయారు. మగ్గాల కార్ఖానాలో ‘మామా’, చాయ్ హోటల్లో ‘కాకా’. అదీ పనుంటేనే.

ఈ గతికి తెల్లదొరల కాలపు రాతి చర్చి ఒకటి అక్కరకొచ్చింది. నల్లరాతి గోడలు, చేతులు జోడించినట్టు మొనదేలిన కమానులు, చూస్తే మెడ నొప్పెట్టేంత ఎత్తున కట్టె దూలాల కప్పు. ఓ ఎండాకాలం నీడకని లోపలికి పోయి, ఊడుస్తున్న శాంతాబాయిని నీళ్లడిగాడు. మగ్గాల మోతలో బతికినవాడి గొంతు నెమ్మది ఎరుగదు. “నీళ్లున్నయా?” అంటే కప్పంతా అదే మాట తిరిగి అరిచింది.

మర్నాడు మళ్లీ పోయి, ఎవరూ లేనిది చూసి తన పేరే తాను అరిచాడు. పైనుంచి, గోడల నుంచి, ఎవరో ఇంటి పెద్దలు పిలిచినట్టే వచ్చింది. అప్పట్నుంచి కార్ఖానాకు సుట్టీ దొరికితే అదే పని. శాంతాబాయి చూసీ చూడనట్టుండేది.

ఒకనాడు పోయేసరికి లోపల వెదురు మంచె కట్టి ఉంది.

“ఏంది బాయీ ఇది?”

“కింద ఇంకో కప్పు ఏస్తున్రు. గొంతు గుమ్మని తిరిగొచ్చి పాస్టర్ మాట సమజైతలేదంట.”

“వారానికొక్క పొద్దు ఇనే మాటకు ఇంత మంచి కప్పు మూస్తరా?”

“నన్నడిగి ఏస్తున్రా?” అని కసిరి, తర్వాత మనసొప్పక, “పలకలు కొట్టకముందే పిలుసుకో పో, అన్నా,” అంది.

నడుమ నిలబడ్డాడు. మంచె మీది పనివాళ్లు సుత్తెలు ఆపి చూస్తున్నారు. నలుగురి ముందు తన్ను తాను పిలుచుకోవడమంటే బట్టలిప్పి నిలబడ్డట్టే.

“ఏం కావాలె కాకా?” అన్నాడు పైనుంచి ఒకడు.

శాంతాబాయి ఊరుకోలేదు. “కొమురయ్యా అని పేరు అరుసుకుంటడు. తిరిగొస్తే సంబురం.”

వాళ్లకు నవ్వాగలేదు. “కొమురయ్యా!” అని ఒకడు. “ఓ కొమురయ్యా! అన్నం సల్లారుతుంది, రా!” అని ఇంకొకడు. కప్పుకు ఎగతాళి తెలియదు. అన్ని గొంతుల్నీ కలిపి, కమాను నుంచి కమానుకు ఆ పేరు అందిస్తూ పోయింది.

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

“ఆఁ... వస్తున్న,” అన్నాడు కొమురయ్య.

నవ్వులు ఆగిపోయాయి. తలొంచుకుని బయటికి నడిచాడు. వస్తానన్నాడే గానీ ఎక్కడికి పోవాలో తెలియక మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. లోపల సుత్తెలు మొదలయ్యాయి.