గురువారం బల్ల

గురువారం ఒంటిగంటన్నర కాగానే మినిట్సమ్మ చేసే మొదటి పని బల్ల కొలవడం. టేపు ఒక కొసని సెమినార్ గదిలో అధ్యక్షుల వారి కుర్చీ ముందు బల్ల అంచుకి తగిలించి, రెండో కొస పట్టుకుని బయల్దేరుతుంది. గోడకి కొట్టిన కంతలోంచి వరండాలోకి, వరండా దాటి వెనక తలుపులోంచి పెరట్లోకి. టేపు చాలక మధ్యలో సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటుంది. కొలత తేలాక వడ్రంగికి ఫోన్ చేస్తే అతను కావలసినన్ని కాళ్లు పట్టుకొచ్చి బిగించి పోతాడు.

ఆమె అసలు పేరు అది కాదు. విశ్వవిద్యాలయంలో గురువారం సెమినార్‌కి మినిట్స్ రాస్తుంది కాబట్టి ఆ పేరు పడింది, పడ్డది లేవలేదు. సమాజశాస్త్రం, ఆర్థికశాస్త్రం, నీతిశాస్త్రం, రాజనీతి ఎవరికి వారు విడివిడిగా ఆలోచిస్తే లోకం అర్థం కాదని నాలుగు శాఖల్నీ కలిపి ఆ సెమినార్ పెట్టారు. కలిపాక అర్థంకానిది నాలుగింతలైందని మినిట్సమ్మ అభిప్రాయం. ఆమె అభిప్రాయం ఎవరూ అడగరు. మినిట్స్ రాసే మనిషి తటస్థంగా ఉండాలట, అందుకని బల్లకి దూరంగా గోడవారన ఒక స్టూలు వేశారు. ఆరేళ్లుగా ఆమె ఒళ్లో పుస్తకం పెట్టుకుని, మెడ వంచుకుని, ఆ స్టూలు మీదే రాస్తోంది.

బల్ల మొదట్లో పదిమందికి సరిపోయేది. ఎవరైనా "దీన్ని ఇంకా లోతుగా చూడాలి" అన్నప్పుడల్లా బెత్తెడు పెరుగుతుంది. పాత తలుపు తీసినట్టు చిన్న కిర్రు, అంతే. మొదటి ఏడాది గది చివరికి వెళ్లింది. రెండో ఏడాది గోడకి కంత కొట్టడానికి ఆఫీసు వాళ్లు మరమ్మతుల కింద అనుమతిచ్చారు. పెరట్లోకి వచ్చాక బల్ల మీద కుక్కలు పడుకుంటున్నాయని రెండు పక్కలా ఇనుప వల కట్టి, పైన టార్పాలిన్ వేశారు. ఆ వల లోపల మనిషి పక్కవాటుగా నడవాల్సిందే, కుర్చీ పట్టదు. వరండాలో బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లు బల్ల కింద వంగి దూరి వెళ్తారు. పొడుగు ప్రొఫెసర్లకి మొదట్లో తలలు బొప్పి కట్టాయి, తర్వాత అలవాటైంది.

ఈ ఏడాది సెమినార్ అంశం 'సంరక్షణ'. పసివాళ్లని, ముసలివాళ్లని, జబ్బుపడ్డవాళ్లని చూసుకునే పనికి సమాజం ఇచ్చే విలువ ఏమిటని నాలుగు వైపుల నుంచీ ఆలోచించడం. ఇంత పెద్ద విషయంలో మినిట్సమ్మకి ఒక చిన్న విషయం అడ్డం తగిలింది. పెరటి అవతల ఒక గది ఉంది. ఊడ్చేవాళ్లు, క్యాంటీన్ వాళ్లు, గేటు దగ్గర కాపలా వాళ్లు, తోటపని వాళ్లు, ఆమెలాంటి చిన్న గుమస్తాలు పొద్దున్నే తమ పిల్లల్ని అక్కడ వదిలి పనికి వెళ్తారు. ఆ గది చూసుకునేది మినిట్సమ్మ పిన్ని, అంటే వాళ్లమ్మ చెల్లెలు. మినిట్సమ్మ నాలుగేళ్ల కూతురు కూడా అక్కడే ఉంటుంది. భర్త లారీ మీద వారానికి అయిదు రోజులు ఊళ్లో ఉండడు. ఆ గది లేకపోతే ఆమెకి ఉద్యోగం లేదు.

ఆ గదిని ఖాళీ చేయించి 'సంరక్షణ అధ్యయన కేంద్రం' పెడదామని ఆఫీసు వాళ్లకి ఆలోచన వచ్చింది. ఏం చేయాలో చెప్పమని సెమినార్‌కే ఉత్తరం రాశారు. గది పిల్లలకి ఉంచాలా, తీసుకోవాలా, ఒక్క మాట చెప్పండి, పది నెలలు గడువిస్తున్నాం, ఆలోగా జవాబు రాకపోతే తీసేసుకుంటాం అని. ఆ గడువు ఈ గురువారం సాయంత్రం అయిదింటికి తీరిపోతుంది. ఆ ఒక్క మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. బల్ల మాత్రం వంద అడుగులు దాటింది.

"పిల్లల్ని చూసుకోవడం గురించి చదువుకోడానికి పిల్లల్ని గెంటేస్తారా? వీళ్ల చదువు తగలెయ్య," అంది పిన్ని, ఆ గురువారం మధ్యాహ్నం. పిల్లలగది గుమ్మంలో నిలబడి, చంకలో ఒకణ్ణి, కాలు పట్టుకుని వేలాడుతున్న ఇంకొకణ్ణి మోస్తోంది.

"గెంటేస్తామని అనరు పిన్నీ. వాయిదా వేస్తారు, అంతే. అయిదయ్యేసరికి గెంటినట్టే," అంది మినిట్సమ్మ టేపు చుడుతూ. ఆమె పుస్తకంలో మడిచిపెట్టిన రాజీనామా కాగితం ఉంది. అంతా రాసి తేదీ మాత్రం వేయలేదు. ఆ కాగితం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండుకొస్తోంది.

"నువ్వు చెప్పొచ్చుగా ఒక మాట."

"నేను మాట్లాడకూడదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే మాట్లాడాలి. రూలు."

"ఆ రూలేదో మళ్లీ చెప్పు."

మినిట్సమ్మకి అది కంఠస్థం. సెమినార్ పెట్టిన కొత్తలో నాలుగు వారాలు వాదించుకుని రాసుకున్నారు. బల్ల దగ్గర కూర్చున్న ప్రతివారూ సభ్యులే, హోదా చూడరాదు, అందరి ఓటూ సమానం. అధ్యక్షుల వారికి ఆ వాక్యమంటే మహా గర్వం, అద్దం కట్టించి గోడకి వేలాడదీశారు. మధ్యాహ్నం రెండింటికి పనిపాటా ఉన్నవాళ్లెవరూ ఆ గదికి రాలేరు కాబట్టి దాని వల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

పిన్ని గుమ్మం వైపు చూసింది, వల లోపల ఆగిపోయిన బల్ల కొస వైపు చూసింది. "ఎంత దూరం ఉంది?"

"ఆరడుగులు."

"నేనీ పిల్లల్ని వదిలి గుమ్మం దాటలేను. మూడున్నరకి అమ్మలంతా పిల్లల కోసం వస్తారు, వాళ్లూ అరగంటే ఉంటారు." చంకలో వాణ్ణి సర్దుకుంది. "అది ఇక్కడికొస్తే మాత్రం కుర్చీలు నేను వేస్తాను. తలుపు తీసే ఉంచుతాను."

మినిట్సమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. గుమ్మం దాకా ఆరడుగులు, గదిలో మనుషులు కూర్చోవాలంటే ఇంకో ఎనిమిది. అడుగుకి నాలుగు చొప్పున మొత్తం యాభై ఆరు బెత్తెలు. మామూలు గురువారం ఒకటో రెండో పెరుగుతుంది. ఆరేళ్లలో మొదటిసారి, ఈ పెద్దమనుషులు ఇవాళ ఇంకాస్త ఎక్కువ మాట్లాడితే బాగుండునని ఆమెకి అనిపించింది.

అలా అనుకున్న రోజే వాళ్లకి తొందర పుట్టాలా? అధ్యక్షుల వారు సమాజశాస్త్రం పెద్దాయన, చేతిలో సూట్‌కేసుతోనే లోపలికొచ్చారు. "నాలుగున్నరకి నా రైలు. ఇవాళ త్వరగా ముగిద్దాం," అన్నారు. ఆర్థికశాస్త్రం ఆయన గడియారం చూసుకున్నాడు. నీతిశాస్త్రం మేడమ్ కళ్లజోడు తుడుచుకుంది. రాజనీతి ఆయన అప్పుడే జేబులోంచి కాగితం తీసి, "నిర్ణయం వచ్చే ఏడాదికి వాయిదా వేయాలని తీర్మానం రాసుకొచ్చాను. ఓటింగ్ పెడితే అయిదు నిమిషాల పని," అన్నాడు. మిగతా అయిదుగురు సభ్యులూ ఎప్పటిలాగే తలూపారు.

పది నెలలు బంకలా సాగదీసి, ఇవాళ అయిదు నిమిషాలట. మినిట్సమ్మ ఒళ్లో పుస్తకం వైపు చూసింది. ఈ ఏడాది మినిట్స్ అన్నీ అందులోనే ఉన్నాయి.

"సార్," అంటూ స్టూలు మీంచి లేచింది. "పాత మినిట్స్ ఆమోదం కాకుండా ఓటింగ్ చెల్లదండి. మన నియమావళిలోనే ఉంది."

"చదివినట్టు భావిద్దాం అమ్మా. ఎప్పుడూ అదేగా."

"ప్రతిసారీ భావించాం సార్, సంతకం మాత్రం పెట్టలేదు. ఈ ఏడాదివన్నీ అలాగే ఉన్నాయి. ఆఫీసు వాళ్లు అడిగితే ఏం చెప్పను?"

అధ్యక్షుల వారికి ఆఫీసు వాళ్లంటే కొంచెం భయం. "సరే, గబగబా చదివెయ్," అన్నారు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని.

ఆమె మొదటి పేజీ తీసింది. ఆమెకి ఒక చెడ్డ అలవాటుంది. ఎవరేమన్నా అక్షరం పొల్లుపోకుండా రాస్తుంది. కుదించడం వచ్చు, కానీ ఇంత చదువుకున్నవాళ్ల మాట నేనెందుకు తగ్గించాలని మొండితనం.

"ఆర్థికశాస్త్రం సార్: పసివాడికి అన్నం పెట్టడాన్ని జాతీయోత్పత్తిలో ఎలా లెక్కించాలన్నది తేలలేదు, దీన్ని ఇంకా లోతుగా చూడాలి."

కిర్రుమంది.

"నీతిశాస్త్రం మేడమ్: తల్లి చేసేది కర్తవ్యమా, త్యాగమా? దీన్ని ఇంకా లోతుగా చూడాలి. రాజనీతి సార్: త్యాగం అన్నమాట వెనక అధికారం ఉంది, దీన్ని ఇంకా లోతుగా చూడాలి. మేడమ్: ఏ అర్థంలో అధికారం? దీన్ని..."

కిర్రు, కిర్రు, కిర్రు. ఆమె చదువుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. తన మాటలు వస్తున్నప్పుడు ప్రతివారూ ముఖం కాస్త వెలిగించుకుని వింటున్నారు. మధ్యలో ఆర్థికశాస్త్రం ఆయన, "ఇది నేను బాగా చెప్పానే," అని పక్కవాడితో అన్నాడు. తన పాత మాట విని రాజనీతి ఆయనకి కొత్త సందేహం వచ్చి, దాన్నీ ఇంకా లోతుగా చూడాలన్నాడు. అది లెక్కలో లేనిది, ఉచితంగా కలిసొచ్చింది. మినిట్సమ్మ ఎడంచేత్తో మార్జిన్లో గీతలు పెట్టుకుంటోంది. నలభై. యాభై. గొంతు ఎండిపోయింది. అరవై రెండు గీతలయ్యేసరికి గోడ గడియారం మూడూ నలభై చూపించింది.

"ఆమోదమే, ఆమోదమే," అన్నారు అధ్యక్షుల వారు సూట్‌కేసు మీద చెయ్యి వేస్తూ. సంతకాలు గిలికేశారు. "ఇక ఓటింగ్. వాయిదా వేద్దామనేవాళ్లు ఒకసారి, గది పిల్లలకి ఉండాలనేవాళ్లు ఒకసారి. ఏది ఎక్కువైతే అదే తీర్మానం. వెళ్లి లెక్కపెట్టుకురా అమ్మా."

బల్ల పెరిగినప్పటి నుంచీ ఓట్లు లెక్కపెట్టే పద్ధతి అదే. అధ్యక్షుల వారి కుర్చీలోంచి రెండో కొస కనపడదు కాబట్టి మినిట్సమ్మ బల్ల వెంట చివరిదాకా నడిచి చూసి రావాలి. ఇన్నాళ్లూ వరండాలో ఎవరూ ఉండేవారు కాదు, అయినా నడిచేది.

గదిలో అధ్యక్షుల వారు కాక వాయిదాకి ఏడు చేతులు లేచాయి. నీతిశాస్త్రం మేడమ్ చెయ్యి చెంప దగ్గర ఆగింది.

"అది ఎత్తినట్టాండీ, ఎత్తనట్టా?"

"ఆలోచిస్తున్నాను."

మినిట్సమ్మ దాన్ని లెక్కపెట్టకుండా ముందుకి నడిచింది. కంతలోంచి వరండాలోకి, వరండాలోంచి పెరట్లోకి, వలకి చీర కొంగు తగులుకోకుండా పక్కవాటుగా. టార్పాలిన్ కింద ఉక్కగా ఉంది. బల్ల కొస గుమ్మం దాటిందో లేదో అక్కణ్ణుంచి కనపడలేదు. కుర్చీల చప్పుడు మాత్రం వినపడింది.

బల్ల గుమ్మం దాటి, గదిలో ఎనిమిదడుగుల పైన వచ్చి ఆగింది. దాని చుట్టూ పిన్ని, ఊడ్చే ఆడవాళ్లు నలుగురు, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడ, ఆమె తోడికోడలు, గేటు కాపలావాడు, తోటమాలి తాతగారు ఒళ్లో మనవరాలితో, ఇంకా అయిదుగురు. పిల్లలు బల్ల మీద పాలగ్లాసులు పెట్టుకుని మూతులు తుడుచుకుంటున్నారు. వడ్రంగి బల్ల కింద కొత్త కాలు బిగిస్తున్నాడు.

"వాయిదా వేద్దామనేవాళ్లు చేతులెత్తండి," అంది మినిట్సమ్మ. గొంతు తటస్థంగానే ఉంచింది.

ఎవరూ కదల్లేదు. గేటు కాపలావాడు అలవాటుగా చెయ్యెత్తబోతే పిన్ని కంటితోనే దింపించింది.

"ఈ గది పిల్లలకి ఉండాలనేవాళ్లు."

పద్నాలుగు చేతులు లేచాయి. పిల్లల చేతులు కూడా లేచాయి గానీ మినిట్సమ్మ లెక్కపెట్టలేదు, అవసరం పడలేదు.

"నేనూ ఎత్తొచ్చామ్మా?" అన్నాడు వడ్రంగి కింద నుంచి.

"కూర్చుంటే ఎత్తొచ్చు."

అతను బయటికొచ్చి పనిముట్ల పెట్టె బల్ల దగ్గరికి లాక్కుని, దాని మీద కూర్చుని చెయ్యెత్తాడు. పుస్తకాన్ని బల్ల మీద ఆనించి ఆమె అంకె వేసింది. కళ్లు మసకబారి ఒకటీ అయిదూ రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది. కూతురు వచ్చి మోకాళ్లు చుట్టేసుకుంటే ఒక్క క్షణం తల నిమిరి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

"వాయిదాకి ఏడు. గది ఉండాలన్నవి పదిహేను," అని చదివింది అధ్యక్షుల వారి ఎదురుగా.

"పదిహేను ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నాడు రాజనీతి ఆయన.

"బల్ల దగ్గర కూర్చున్నవాళ్లవేనండి." ఆమె గోడ మీద అద్దం కట్టిన వాక్యం వైపు చూసింది. అందరూ అటే చూశారు. ఆరేళ్లుగా దాన్ని అందరూ మెచ్చుకున్నారు గానీ, ఇవాళే మొదటిసారి చదువుతున్నట్టు పెదాలు కదిపారు.

ఆర్థికశాస్త్రం ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ ప్రక్రియ మీద నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. దీన్ని ఇంకా..." అని, చటుక్కున ఆగి బల్ల వైపు చూశాడు. అది పిల్లలగది కూడా దాటితే అవతల ధోబీల రేకుల షెడ్లు, ఆ వెనక రోడ్డు, రోడ్డు మీద బస్టాపు. ఆయన నోరు మూసుకున్నాడు.

నీతిశాస్త్రం మేడమ్ చెంప దగ్గరున్న చెయ్యి పైకెత్తింది. "నాది పదహారు అని రాయి," అంది మెల్లగా.

స్టూలు మీద కూర్చుని రాయడానికి మినిట్సమ్మకి ఓపిక లేకపోయింది. మెడ నొప్పి, కాళ్ల నొప్పి, పది నెలల విసుగు అన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని బల్ల దగ్గరే కూర్చుని రాసింది. గది పిల్లలకే ఉంటుంది. ఒక్క వాక్యం. లెమ్మని ఎవరూ అనలేదు. అధ్యక్షుల వారు సంతకం పెట్టి రైలుకి పరిగెత్తారు. నాలుగూ నలభైకి ఆమె ఆ కాగితాన్ని ఆఫీసు కిటికీలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుంది.

తిరిగొచ్చేసరికి పిల్లలగది దాదాపు ఖాళీ. పిన్ని గ్లాసులు కడుగుతోంది. కూతురు బల్ల కొసన కూర్చుని ఒక కాగితం మీద రంగు పెన్సిల్‌తో ఏదో గీస్తోంది. ఓట్ల లెక్కకి పుస్తకం తెరిచినప్పుడు జారిపడ్డ కాగితం అది. చేత్తో రాసిన రాజీనామా. వెనక తెల్లగా ఉన్న వైపు ఒక పొడుగు గీత, దాని కింద లెక్కలేనన్ని కాళ్లు.

"ఇంకా అవలేదమ్మా, చాలా కాళ్లున్నాయి," అంది పిల్ల తలెత్తకుండా.

"నిదానంగా వేసుకో. రేపు కూడా ఇక్కడే ఉంటావుగా," అంది మినిట్సమ్మ, ఇంకో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంటూ.