అంటని అంటువ్యాధి

ఆసుపత్రి వార్డు తలుపుకు అతికించిన ప్రకటనను తెలుగు చేసింది ఒక అనువాదకుడు. పుస్తకాలకు అట్టలు వేసే బైండింగు షాపులో పదకొండు మంది ఒకేసారి కళ్లు తిరిగి పడిపోయారు; వారిలో అతని అక్క ఒకతె. డాక్టరమ్మ ఇంగ్లీషు నివేదికలో ‘ఎపిడమిక్’ అని ఉంటే, కామాను సైతం తూచి పెట్టే ఆ మనిషి, అక్క మీద బెంగతో ముందూ వెనకా చూడక ‘అంటువ్యాధి’ అని రాసి పంపాడు. అది మొదలు మూడు రోజులుగా నాలుగేళ్ల మేనకోడలికి తల్లి ముఖం కిటికీ అద్దంలోంచి చూడటమే.

"మామయ్యా, అమ్మ ముట్టుకుంటే నేనూ పడిపోతానా?"

"రూలంటే రూలే పాపా," అన్నాడు కాపలాదారు. "అంటు అని ఇంత లావు అక్షరాలతో రాసుంది. రాసిన మహానుభావుడెవరో గానీ, అందరి తిట్లూ నాకు పడుతున్నాయి."

అనువాదకుడు అటుగా వస్తున్న డాక్టరమ్మను ఆపి, "ఇంకెన్నాళ్లండీ ఈ అంటు?" అని అడిగాడు.

"అంటేంటండీ? కిటికీలు మూసుకుని కొత్త జిగురు ఆవిరి పీల్చారు, పడ్డారు. మొదటిరోజే నివేదికలో రాశాగా! నేను వెనక గుమ్మం నుంచి వెళ్తాను; ఒక్క చుట్టమూ లోపలికి రాడేంటా అని నేనే విస్తుపోతున్నా."

"మరి ఎపిడమిక్ అన్నారు?"

"ఒకే చోట ఇంతమంది ఒక్కసారే పడితే అనమా?"

అప్పుడు వెలిగింది అతనికి. గ్రీకులో ‘ఎపి’ అంటే మీద, ‘డెమోస్’ అంటే జనం. జనం మీద పడినది, అంతే. అంటుకునే ఊసే ఆ మాటలో లేదు. లేని అంటును తెచ్చి అంటగట్టింది తానే!

జేబులోంచి కలం తీసి, ఆ మాట కొట్టివేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: ‘జిగురు ఆవిరి వల్ల కలిగిన అస్వస్థత. ఒకరి నుంచి ఒకరికి సోకదు.’ కింద డాక్టరమ్మ నవ్వుతూ సంతకం చేసింది. కాపలాదారు కూడబలుక్కుని చదివి, "హమ్మయ్య, బతికించారు!" అంటూ తలుపు బార్లా తీశాడు.

పిల్ల పరుగున వెళ్లి మంచం దగ్గర ఆగిపోయింది. తల్లి చాచబోయిన చేతులు వెనక్కి తీసుకుంది.

"నిజంగా అంటదారా తమ్ముడూ?"

"అంటదక్కా. తప్పు నాది. ఆ మాట రాసింది నేనే."

మరుక్షణం పిల్ల తల్లి ఒడిలో ఉంది. బిడ్డ తలను గుండెకు అదుముకుని చాలాసేపు ఏడ్చి, నవ్వి, అక్క తలెత్తింది.

"మూడు రోజులు నా పిల్లని దూరం పెట్టిన పండితుడివి నువ్వేనన్నమాట! ఇలా రా, నీ చెవి మెలిపెట్టాలి."

ముప్పై ఏడేళ్ల తమ్ముడు కళ్లజోడు తీసి, బుద్ధిగా తల వంచాడు.