జెండా పట్టిన బొమ్మ

చీపురుపుల్ల చివరనున్న మైనానికి ఈటె అంటుకుంది. ఈటె అంటే ఎంతనుకున్నారు, ఈతముల్లంత కూడా లేదు. రాఘవమ్మ తగరపు సిపాయి పిడికిట్లో గమ్ము చుక్క పెట్టి, ఈటెని అందులోకి దించి, నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదిలింది. గమ్ముకి ఊపిరి తడి తగిలితే తొందరగా పట్టేస్తుంది. పట్టేదాకా కదలకూడదు. మిగతావాళ్లు ఇరవై లెక్కపెడతారు. రాఘవమ్మ మాత్రం కళ్లు మూసుకుని, చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంక అనుకుంటుంది. నాగాయలంక రాగానే చెయ్యి తీస్తుంది. ఈటె నిలబడుతుంది.

నాగాయలంక ఆమె పుట్టిల్లు, మిగతావి బందరు నుంచి బస్సు దారిలో ఊళ్లు. ఇలా రోజుకి రెండొందలసార్లు వెళ్లొస్తుంది. నిజంగా బస్సెక్కి ఏడాదిన్నరయింది.

బందరు చిలకలపూడిలో ఈ షెడ్డు ఒకప్పుడు రోల్డుగోల్డు నగలది. రాఘవమ్మ ఇరవై ఏళ్లు దుద్దులకి రాళ్లు అతికింది. ఆ పని పడిపోయాక, ఓనరు భానుప్రకాష్ ఎక్కడో విదేశాల నుంచి ఈ బొమ్మల ఆర్డరు పట్టాడు. బొటనవేలంత సిపాయిలు. వీటిని బల్లమీద పేర్చుకుని పెద్దపెద్దవాళ్లు యుద్ధం ఆడుకుంటారట! మొదటిసారి విన్నప్పుడు "పనీపాటా లేదా వాళ్లకి?" అని రాఘవమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వడానికి తీరిక దొరకలేదు.

ఫ్యాను వెయ్యకూడదు, ముక్కలు ఎగిరిపోతాయి. కిటికీ తియ్యకూడదు, సముద్రపు చెమ్మకి గమ్ము తెల్లగా పొంగుతుంది. బందరు ఎండల్లో తలుపులేసుకుని ఉడికిపోవడమే. అన్నిటికన్నా పెద్ద రూలు, బొమ్మ మీద వేలిముద్ర పడకూడదు. గమ్ము వేలితో ముట్టుకుంటే ఆరాక ముద్ర తెల్లగా తేలుతుంది. ఇక ఆ బొమ్మ తిరగ్గొట్టిన సరుకు డబ్బాలోకే. ఈ పదకొండేళ్ల బొమ్మల పనిలో రాఘవమ్మ చేతి ముద్ర ఒక్క బొమ్మ మీద లేదు. అదే ఆమె గొప్ప. అదే మెడకి ఉచ్చు కూడా.

ఇవాళ ఆమె కాళ్ల దగ్గర ఒక సంచి ఉంది. అందులో ఒక చీర, పొట్లం కట్టిన బందరు లడ్డూలు. రాత్రి నాగాయలంక నుంచి అక్క కొడుకు బంగార్రాజు ఫోన్ చేశాడు. "అమ్మకి ఆయాసం ఎక్కువైంది పిన్నీ. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లిపోమన్నారు. నిన్నే అడుగుతుంది, వచ్చేయ్."

వెళ్తున్నానని చెప్పేసి వెళ్లిపోదామనే పొద్దున షెడ్డుకి వచ్చింది. దారంతా మాటలు కూర్చుకుంది. ఆమె నోరు తెరవకముందే భానుప్రకాష్ ట్రే తెచ్చి బల్లమీద పెట్టాడు.

"నలభై జెండాలు పిన్నీ. సాయంత్రం పార్సిల్ వెళ్లిపోవాలి."

"బాబూ, మా అక్కకి..."

"తెలుసు పిన్నీ, ఇందాకే చెప్పారు. నీ చెయ్యి తప్ప జెండా ఎవరి చేతిలోనూ ఆగదు. నువ్వు కానిచ్చెయ్, రెండింటి బస్సు నేనే దగ్గరుండి ఎక్కిస్తా."

అతను చెడ్డవాడైతే బాగుండేది, మొహం మీద చెప్పేసి వెళ్లిపోయేది. మొగుడు పోయినప్పుడు పాడె మోసినవాడు. ఏ చుట్టరికమూ లేకుండా పిన్నీ అంటాడు. ఆ పిలుపు వింటే ఆమెకి కాదనడం చేతకాదు. ఏం చేస్తాం, ఖర్మ.

జెండా కర్ర వెంట్రుకంత. దాని చివర గోరంత రేకు. పిడికిట్లో ఒకసారి, భుజం దగ్గర ఒకసారి అతకాలి. పక్క సీటులో ప్రసన్నలక్ష్మి ఉండబట్టలేక అంది.

"నువ్వెళ్లిపో అత్తా. ఇవి నేను చూసుకుంటాలే."

"నువ్వు చూసుకుంటే విరుగుతాయే."

అనేసి నాలిక్కరుచుకుంది. వెళ్లమన్న మనిషిని కూడా తనే నోరు మూయించింది! ఎవరు కట్టేశారు తనని? తన చెయ్యే.

పదకొండింటికి ఫోన్ మోగింది. ఈసారి అక్క గంగాదేవే. మాట మాటకీ మధ్య ఊపిరి ఈలలా వస్తోంది.

"చెల్లాయ్... బయల్దేరావా?"

రాఘవమ్మ చేతివంక చూసుకుంది. వేళ్ల మధ్య జెండా ఉంది. గమ్ము ఇంకా పట్టలేదు.

"బయల్దేరానక్కా. బస్సులోనే ఉన్నా."

"ఎందాకా... వచ్చావే?"

"చల్లపల్లి దాటా."

"అయితే... వచ్చేసినట్టే."

ఫోన్ పెట్టేశాక ప్రసన్నలక్ష్మి ఆమె మొహం వంక చూడలేక తల దించుకుంది. రాఘవమ్మకి తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి పోవాలనుకుంది. ట్రేలో ఇంకా పదహారు మిగిలాయి. చేతులు వేగం పెంచాయి. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ. భోజనానికి లేవలేదు. అవనిగడ్డ, నాగాయలంక. మళ్లీ చల్లపల్లి.

ముప్పైతొమ్మిదో జెండా పట్టుకుని ఉండగా మళ్లీ ఫోన్. ఒంటిగంట దాటింది. చేతులు ఖాళీ లేవని ప్రసన్నలక్ష్మి ఫోనెత్తి ఆమె చెవి దగ్గర పెట్టింది.

"ఎక్కడున్నావు పిన్నీ?" బంగార్రాజు గొంతు బొంగురుపోయింది. "అమ్మ పోయింది. చెల్లి చల్లపల్లి దాటిందిరా, మోపిదేవి వచ్చుంటుందిరా అంటా గుమ్మం వంకే చూసింది. నేను రెండుసార్లు బస్టాండు దాకా వెళ్లి చూసొచ్చాను."

జెండా పక్కకి ఒరుగుతోంది. పుల్ల జారిపోతే రాఘవమ్మ బొటనవేలితోనే అదిమి పట్టుకుంది. చల్లపల్లి అనుకుంది. మోపిదేవి అనుకుంది. ఆ తర్వాత ఏ ఊరూ నోటికి రాలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది. చివరికి ప్రసన్నలక్ష్మి భుజం పట్టి కుదిపితే వేలు లాగేసింది. గమ్ముతో పాటు తోలు లేచిపోయింది.

సంచి తీసుకుని లేచింది. భానుప్రకాష్ గుమ్మానికి అడ్డంగా పరుగెత్తుకొచ్చాడు.

"కారు తీస్తాను పిన్నీ, ఉండు."

"వద్దు బాబూ. బస్సులో ఉన్నానని చెప్పాను అక్కకి. బస్సులోనే వెళ్తాను."

మళ్లీ రానని చెప్పలేదు. కానీ చీపురుపుల్లలూ మైనపు ముద్దా ప్రసన్నలక్ష్మి ఒళ్లో పెట్టి వెళ్లింది.

సాయంత్రం పార్సిల్ కట్టేవేళకి గమ్ము ఆరింది. భానుప్రకాష్ ముప్పైతొమ్మిదో బొమ్మని తిరగ్గొట్టిన డబ్బాలో వెయ్యబోయి, వెయ్యలేక బల్లమీదే పెట్టేశాడు. జెండా నిటారుగానే నిలబడింది, దానిమీద రాఘవమ్మ బొటనవేలి గీతలు తెల్లగా తేలి.